నేను మంచివన్న నీళ్లు

నీళ్ల పరీక్షకి కూల్‌డ్రింక్ సీసాలో నీళ్లు పట్టుకొచ్చేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. మదీనాగూడలో నేను పనిచేసే ల్యాబ్‌కి రోజుకి ఒక్కరైనా అలా వస్తారు. సీసా అడుగున నారింజ రంగు ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. మెడలో కంపెనీ ట్యాగు వేలాడుతున్న ఆ మనిషి మాత్రం, "టీడీఎస్ ఎంతో చెప్పండి మేడం, అది చాలు" అంటాడు. ఈ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో తమ జన్మనక్షత్రం తెలియనివాళ్లు ఉంటారేమో గానీ, ఇంటి నీళ్ల టీడీఎస్ తెలియనివాళ్లు లేరు. నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతున్నాయో చెప్పే అంకె అది. కరిగింది ఉప్పో విషమో దానికి పట్టదు. ఆ సంగతి చెప్పబోతే వాళ్లు ఫోన్ చూసుకుంటారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, మా దగ్గర ఆ సామెత తిరగబడింది.

అందుకని నేను కఠినంగా ఉంటాను. మామూలు పరీక్షలకి ఒక సీసా. సీసం, కాడ్మియం లాంటి లోహాల పరీక్షకి ఇంకో సీసా. ఆ రెండో సీసాలో నీళ్లు పట్టిన వెంటనే కొన్ని చుక్కల నైట్రిక్ ఆసిడ్ వెయ్యాలి. వెయ్యకపోతే లోహాలు నీళ్లలో నిలవవు, మెల్లగా సీసా గోడలకి అంటుకుపోతాయి. తర్వాత పైనున్న నీళ్లు తీసి యంత్రానికి పెడితే ఏమీ లేదని వస్తుంది. కొత్తగా చేరిన పిల్లలకి మొదటి రోజే ఇది చెబుతాను. ఆసిడ్ వెయ్యని సీసా తెస్తే ఎంత పెద్ద కంపెనీ వాళ్లనైనా వెనక్కి పంపించేశాను. మా మేనేజరు నా నోటికి జడిసి నన్ను కౌంటర్ దగ్గర కూర్చోబెట్టడం మానేశాడు.

ఆ నియమాన్ని నేను తప్పింది ఒక్కసారే. అది మా పెద్దమ్మ విషయంలో.

ల్యాబ్‌లో గాజు సామాను, సీసాలు కడిగే ఆవిడని అందరం పెద్దమ్మ అంటాం. యాభై దాటి ఉంటాయి. పుట్టింది నల్గొండ వైపు పల్లె, మెట్టింది నానక్‌రామ్‌గూడ. అత్తవారికి ఉన్న కాస్త భూమి ఎప్పుడో పోయింది. టవర్ల మధ్య మిగిలిపోయిన పాత ఊళ్లో, రెండు గదుల రేకుల ఇంట్లో ఉంటుంది. పొద్దున్నే షేర్ ఆటో ఎక్కి, తర్వాత బస్సు మారి, నాకంటే ముందే వచ్చేస్తుంది. మేనేజరు ఉంటే నన్ను మేడం అంటుంది, లేకపోతే బిడ్డా అంటుంది.

లోహాల పరీక్షకి వాడిన సీసాలు సబ్బుతో కడిగితే చాలదు, ఒక పగలూ రాత్రీ ఆసిడ్ తొట్టిలో నానాలి. చేరిన కొత్తలో ఆవిడ అడిగింది, "ఇంత తక్లీఫ్ ఎందుకు బిడ్డా, మెరుస్తనే ఉన్నయ్ గదా?" అని. "గోడకి అంటుకున్నది సబ్బుకి రాదు పెద్దమ్మా, ఆసిడ్‌కే వస్తుంది" అన్నాను. ఆ రోజు నుంచి మోచేతుల దాకా గ్లౌజులు తొడుక్కుని, ఒక్కో సీసానీ మూడుసార్లు జాడించి బోర్లిస్తుంది. ఒకసారి తొందరలో నేను రెండుసార్లే జాడిస్తే చేతిలోంచి లాక్కుంది. నేను కెమిస్ట్రీ చెబితే చెవిపెట్టి వినే మనిషి ఈ ఊరంతటికీ ఆవిడ ఒక్కతే. ఆవిడంటే నాకు ఇష్టమని వేరే చెప్పక్కర్లేదు.

ఇంకో సంగతి. వాన నీళ్లంటే నాకు పిచ్చి. ప్రగతి నగర్‌లో మా డాబా మీద గరాటు బిగించిన సీసా ఒకటి ఎప్పుడూ ఉంటుంది. చినుకు పడితే మూత తీసి వస్తాను. మా అత్తగారు గోదావరి జిల్లా మనిషి. "వానొస్తే అందరి కోడళ్లూ బట్టలు తియ్యడానికి పరిగెడతారండీ, మా కోడలు సీసా పెట్టడానికి పరిగెడుతుంది" అని పక్క ఫ్లాట్ వాళ్లకి చెబుతూ ఉంటారు. అయినా ఆవిడా తక్కువేం కాదు. బోరు నీళ్లలో కందిపప్పు ఉడకదని, వాన పడితే బకెట్ పెట్టి, ఆ రోజు పప్పు వాన నీళ్లతోనే వండుతారు.

వాన పుట్టుకతోనే కాస్త పుల్లన. గాలిలోని బొగ్గుపులుసు వాయువు కరగడం వల్ల వచ్చే పులుపు అది. ఇన్ని కార్లూ జనరేటర్లూ పొగ వదిలే చోట ఇంకా పుల్లబడాలి. కానీ మా వైపు తొలకరి వానకి పులుపు కొలిచే పీహెచ్ మీటరు పెడితే ఏడు చూపిస్తుంది, అంటే పులుపూ లేదు, క్షారమూ లేదు. ఎందుకంటే తవ్విపోసిన మట్టి, కంకర పొడి, లేస్తున్న టవర్ల సిమెంటు దుమ్ము అన్నీ గాలిలోనే ఉన్నాయి. వాటిలోని సున్నం ఆ పులుపుని విరిచేస్తుంది. అంకె చూస్తే బంగారంలాంటి నీళ్లు. నిజానికి ఆ చుక్కలో పొగా ఉంది, దుమ్మూ ఉంది, ఒకదాని తప్పు ఇంకోటి కప్పిపెట్టింది. మూడు రోజులు ముసురు పట్టి గాలి కడుక్కున్నాక పడే వానే శుభ్రమైనది. అప్పుడు మీటరు ఐదున్నరకి దిగుతుంది, చూసినవాడు ఆమ్లవర్షమని గాబరాపడతాడు. శుభ్రమైన వానకి ఆకలి కూడా ఎక్కువ. తనలో ఏమీ లేదు కనక ఏది తగిలితే దాన్ని కరిగించుకుంటుంది. ఇదంతా నాకు కంఠతా వచ్చు. పదిమందికి చెప్పాను కూడా. తెలిసే చేశాను.

మూడేళ్ల కిందటి శ్రావణంలో పెద్దమ్మ కూతురు మొదటి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. ఏడో నెల. ఒకరోజు మధ్యాహ్నం అన్నాల వేళ పెద్దమ్మ కొంగు చాటు నుంచి ఒక సీసా తీసి నా బల్ల మీద పెట్టింది. మా ల్యాబ్ సీసానే, తను కడిగినదే.

"నా బిడ్డకు ఈ నీళ్లే తాగిపిస్తున్న. మంచిగున్నయా లేవా జర చూసి చెప్పు బిడ్డా."

"ఎక్కడివి పెద్దమ్మా ఇవి?"

"వాన నీళ్లు. మా రేకుల మీదియి. బోరు నీళ్లు ఉప్పగున్నయ్. నల్లా దినం తప్పి దినం వస్తది, వస్తే మోరి వాసన. క్యాను నీళ్లు తాగితే కడుపుబ్బుతున్నదంటది పోరి."

తర్వాత తన పుట్టింటి కథ చెప్పింది. వాళ్ల ఊరి బోరు నీళ్లలో ఫ్లోరైడు. తాగినవాళ్లకి పళ్లు మచ్చలు పడి, ఎముకలు వంగిపోయేవి. వాళ్ల అమ్మ మాత్రం పిల్లలకి బోరు నీళ్లు ముట్టనివ్వలేదట, వాన నీళ్లు కుండల్లో దాచి ఏడాదంతా అవే పోసిందట. "మా ఊర్ల నా ఈడోళ్లు కట్టె పట్టుకొని నడుస్తున్నరు. నన్ను జూడు" అంది. చూడక్కర్లేదు, మా ల్యాబ్ మూడో అంతస్తుకి ఆవిడ నాకంటే వేగంగా ఎక్కుతుంది. తన తల్లి తనకి చేసిన మేలే తన కూతురికి చెయ్యాలని ఆవిడ ఆశ. పట్టడంలో కూడా లోపం లేదు. వాన మొదలైన అరగంట నీళ్లు వదిలేస్తుంది, ఆ తర్వాతే డ్రమ్ముకి గొట్టం పెడుతుంది, మూతికి నాలుగు మడతల పంచె గుడ్డ కడుతుంది. నేను చదువుకున్నవాళ్లకి చెప్పి చెప్పి అలిసిపోయిన జాగ్రత్తలన్నీ ఆవిడ చేస్తోంది. నాకు ముచ్చటేసింది.

అన్నం మానేసి అప్పుడే పరీక్షకి కూర్చున్నాను. పీహెచ్ ఏడు. టీడీఎస్ ఉందా అంటే ఉంది. కాఠిన్యం లేదు, నైట్రేటు లేదు, ఫ్లోరైడు అసలే లేదు.

"అమృతం పెద్దమ్మా" అన్నాను. "మా దగ్గరికొచ్చే సగం నీళ్లకంటే నయం. హాయిగా తాగించండి."

ఆవిడ కళ్లు మూసుకుని తెరిచింది. "గంతే చాలు బిడ్డా. ఇగ నాకు ఫికర్ లేదు."

అక్కడితో ఆపినా సగం తప్పే అయ్యేది. నేను ఇంకో అడుగు వేశాను. ఐదు రోజుల తర్వాత లోహాల యంత్రం దగ్గర పనిచేస్తూ, చివర్లో ఒక శాంపిల్‌కి చోటు మిగిలితే, అల్మరాలో ఉన్న పెద్దమ్మ సీసా గుర్తొచ్చింది. పోనీ ఇదీ చూసేద్దాం అనుకున్నాను. అందులో ఆసిడ్ వెయ్యలేదని నాకు తెలుసు. అడుగున సన్నటి నలుసు పేరుకుని ఉంది. యంత్రం గొట్టం మూసుకుపోతుందని ఆ నీళ్లని వడకట్టి మరీ పెట్టాను. సీసం లేదని వచ్చింది. ఆవిడ ఎదురుపడితే, "లోహాలు కూడా చూశాను పెద్దమ్మా, ఏమీ లేవు" అన్నాను. అడగని పని చేసిపెట్టినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

బయటివాళ్ల సీసా అయితే కౌంటర్‌లో రసీదు రాసేవాళ్లు. రసీదు రాస్తే ఫారం నింపేదాన్ని. ఆ ఫారంలో ఆసిడ్ కలిపారా లేదా అని ఒక గడి ఉంది, దాన్ని నింపకుండా ముందుకి పోలేను. ఇది మన మనిషి పని కనక ఫారం లేదు. పరాయివాళ్లకి పద్ధతి, మనవాళ్లకి ఉజ్జాయింపు. మా ఇళ్లలో ఇదొక అలవాటు, ప్రేమ ఉంటే పద్ధతి అక్కర్లేదనుకుంటాం. ఆ సీసా ఖాళీ చేసి మిగతావాటితో పాటు తొట్టి దగ్గర పెట్టేశాను.

భాద్రపదం వచ్చేసరికి పెద్దమ్మ మొహంలో కళ తగ్గింది. "పోరికి రక్తం పెరుగుతలేదంట. దవాఖానల గోలీలు ఇచ్చిన్రు, మింగుతనే ఉన్నది. కడుపుల నొప్పంటది, నోట్లె ఏదో ఇనుప రుచంటది" అంది. నేనూ ఇద్దరిని కన్నదాన్నే కదా, అన్నీ తెలిసినట్టు మాట్లాడాను. ఐరన్ మాత్రల రుచి అలాగే ఉంటుందన్నాను. బీట్‌రూట్ పెట్టమన్నాను. నీళ్లు బాగా తాగించమని కూడా అన్నాను.

తొమ్మిదో నెల రాగానే శ్రీమంతం చేశారు. ఆదివారం. పండ్లు, జాకెట్టు గుడ్డ పట్టుకుని గచ్చిబౌలిలో షేర్ ఆటో ఎక్కాను. వాన అప్పుడే వెలిసింది. అంత పరిచయమున్నా వాళ్లింటికి వెళ్లడం అదే మొదటిసారి. సందులోకి తిరగగానే వాళ్ల గోడనానుకుని ఒక రేకుల షెడ్డు కనిపించింది. దాని ముందు ఇటుకల్లా పేర్చిన నల్లటి బ్యాటరీలు. ఆఫీసుల్లో కరెంటు పోతే కంప్యూటర్లు ఆగకుండా వాడతారే, అవి. పక్కన గొడ్డళ్లు, పగలగొట్టిన డొప్పలు, మసిబారిన ఇనప మూకుడు, బూడిదరంగు తుక్కు కుప్ప.

"అదేంటి పెద్దమ్మా?"

"బ్యాటరీలోళ్లు. ఉగాదికి కిరాయికొచ్చిన్రు. ఆఫీసులల్ల పాతబడ్డయి తెచ్చి సీసం కరగవెడతరు. దినాం గాదులే, వాన లేని దినాలల్ల."

తలెత్తి చూశాను. వాళ్ల ఇంటి రేకుల గాడుల్లో బూడిదరంగు పొడి తడిసి అట్టకట్టి ఉంది. వాన లేని రోజు కరిగిస్తారు, పొగ వచ్చి రేకుల మీద వాలుతుంది, మర్నాటి వాన దాన్ని పట్టుకుని గొట్టంలోంచి డ్రమ్ములోకి దిగుతుంది. అరగంట వదిలేసినా గాడుల్లో ఇరుక్కున్నది వస్తూనే ఉంటుంది. పంచె గుడ్డ నలుసుని ఆపుతుందేమో, కరిగిపోయినదాన్ని ఆపదు. సీసా అడుగున నేను చూసిన నలుసు, యంత్రం కోసం నేనే వడకట్టి పారేసిన నలుసు, కళ్ల ముందుకొచ్చింది.

లోపల ఆడవాళ్లు పాటలు పాడుతున్నారు. ఆకుపచ్చ చీర, చేతి నిండా గాజులు, కుర్చీలో ఆ పిల్ల. మొహం పాలిపోయి ఉంది. నన్ను చూసి నవ్వింది. నన్ను పక్కన కూర్చోబెట్టి పెద్దమ్మ స్టీలు గ్లాసుతో నీళ్లు ఇచ్చింది.

"తాగు బిడ్డా, నువ్వు మంచియని చెప్పిన నీళ్లే. మా మేడం మిషిన్ల పెట్టి చూసిందని గల్లీల అందరికీ చెప్పిన. ఈ రెండిండ్లోళ్లు గూడ ఇవే పట్టుకపోతున్నరు."

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. పెద్దమ్మ అలా అనుకోలేదు, తన దగ్గరున్న చెట్టునే నమ్మింది. నేను గ్లాసు చేత్తో పట్టుకుని కూర్చున్నాను. కూతురికి కూడా గ్లాసు ఇచ్చారు. ఆ పిల్ల గడగడా తాగేసింది. నేను చూస్తూనే ఉన్నాను. కాసేపాగి నా గ్లాసు కుర్చీ కిందకి జరిపేశాను.

ఎందుకు నోరు విప్పలేదని ఎన్నిసార్లు నన్ను నేను ప్రశ్నించుకున్నానో. అనుమానం రిపోర్టు కాదు కదా, అని ఒక జవాబు. శుభమా అని పేరంటం జరుగుతుంటే నెలలు నిండిన పిల్లని ఎలా భయపెట్టడం, అని ఇంకో జవాబు. రెండూ అబద్ధాలే. అంతమంది ముందు మా మేడం అని ఆవిడ గొప్పగా చెబుతున్నప్పుడు, తప్పు చెప్పానని ఒప్పుకోవడం నాకు చేతకాలేదు. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు ఖరీదు ఆ పిల్ల తాగింది.

వచ్చేటప్పుడు, సీజన్ మారింది కదా, మళ్లీ ఒకసారి చూస్తానని చెప్పి ఒక సీసా నీళ్లు తెచ్చుకున్నాను. సోమవారం పొద్దున్నే ఆసిడ్ వేశాను. ఆలస్యంగా వేస్తే ఒక రోజంతా అలా ఉంచాలి, గోడకి అంటుకున్నది మళ్లీ నీళ్లలోకి రావడానికి. ఆ సోమవారమంతా పెద్దమ్మ నా పక్కనే సీసాలు కడుగుతూ, ఎవరెవరు వచ్చారో, ఎవరు ఏం పెట్టారో చెబుతూనే ఉంది. నేను ఊ కొడుతూనే ఉన్నాను. ఆ రోజు కూడా చెప్పలేదు.

మంగళవారం యంత్రం అంకె చూపించింది. ఉండదగినదానికి ఎన్నో రెట్లు. యంత్రం చెడిపోయి ఉంటే బాగుండునని సీసం ఎంతుందో ముందే తెలిసిన ద్రావణాలు రెండుసార్లు పెట్టి చూశాను. యంత్రం బాగానే ఉంది.

తొట్టి దగ్గరికి వెళ్లాను. "పెద్దమ్మా, ఆ వాన నీళ్లు ఇక వద్దు. అమ్మాయికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి."

ఎందుకని అడగలేదు. గ్లౌజు పీకేసి ఫోన్ తీసింది. "గా డ్రమ్ము నీళ్లు ముట్టకు. కిందపార్వొయ్. క్యాను తెప్పియ్" అని చెప్పి పెట్టేసింది. అప్పుడు నా వైపు తిరిగింది. చెప్పాను. బ్యాటరీల షెడ్డు, రేకులు, సీసం. కడుపులో బిడ్డకి అది మంచిది కాదని కూడా చెప్పాను.

"ముందుగాల లేదన్నవ్ గదా."

"అప్పుడు సీసాలో ఆసిడ్ వెయ్యలేదు పెద్దమ్మా. వెయ్యకుండానే పెట్టాను."

ఆవిడ తొట్టి వైపు చూసింది. "గోడకు అంటుకున్నది ఆసిడ్‌కే వస్తదని నువ్వే గదా నాకు నేర్పింది."

"అవును."

"గా సీస మల్ల తొట్ల ఏసి నేనే కడిగిన." తర్వాత అడిగింది, "నీకు ఎప్పుడెర్క?"

అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేకపోయాను. "ఆదివారం అనుమానం వచ్చింది. ఇవాళ తెలిసింది."

"ఆదివారం నువ్వు గిలాస పట్టుకొని కూసున్నవ్. తాగలే. నేను చూసిన. మా ఇంట్ల నీళ్లు మేడంకు ఆనలేదేమో అనుకున్న. నాకు నామోషీ అయ్యింది." గ్లౌజు మళ్లీ తొడుక్కుంటూ అంది, "నువ్వు తాగలే. నా బిడ్డ తాగుతుంటె చూసినవ్."

నేను అక్కడే నిలబడి ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు, ఊరుకోమనీ అనలేదు.

ఆ పిల్లని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లినప్పుడు నేనూ వెళ్లాను. రక్తంలో సీసం ఎక్కువగానే ఉంది. ఇన్నాళ్లూ మాత్రలు వేసుకున్నా రక్తం ఎందుకు పెరగలేదో డాక్టరుకి అప్పుడు అర్థమైంది. ఆ నీళ్లు ఎవరు తాగమన్నారని డాక్టరమ్మ అడిగితే, గదిలో ముగ్గురం ఉన్నాం, నేనే చెప్పాను. సందులో ఇంటింటికీ తిరిగి ఆ నీళ్లు తాగొద్దన్నాను. ఒక ముసలమ్మ గుమ్మంలోనే ఆపేసి, "మొన్న మంచియంటిరి, ఇయ్యాల విషమంటిరి. రేపేమంటరో?" అంది. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమన్నది ఆ సందులో ఒక్కో గడప దగ్గరా తెలిసింది. సందువాళ్లంతా కలిసి గొడవపెట్టుకుంటే బ్యాటరీలవాళ్లు వారంలో ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఎక్కడికి వెళ్లారో ఎవరికీ తెలియదు. ఇంకెవరి రేకుల పక్కనో మూకుడు పెట్టే ఉంటారు.

ఆడపిల్ల పుట్టింది. బరువు కాస్త తక్కువ, ఏడుపు మాత్రం గట్టిదే. అందరం డాక్టరు మొహం చూశాం. "ఇప్పుడేం చెప్పలేం. పెరిగేకొద్దీ చూడాలి. నడక, మాటలు, తర్వాత చదువు" అంది. సీసం తల్లి ఎముకల్లో చేరి ఉంటుందని, బిడ్డలోకి కొంత వెళ్లే ఉంటుందని, అది కంటికి కనిపించే దెబ్బ కాదని నాకు ముందే తెలుసు. తెలియనివి గది తలుపులు వేసుకుని చదివాను. చదివినకొద్దీ భయం పెరిగింది. నీళ్లలో ఎంతుందో మిల్లీగ్రాములో వెయ్యో వంతు దాకా చెప్పగలను. ఆ పిల్ల మెదడుకి ఏం జరిగిందో ఏ యంత్రమూ చెప్పదు.

పెద్దమ్మ పని మానలేదు. నాతో అవసరమైన మాటలే మాట్లాడేది. ఒక మార్పు వచ్చింది. ఎవరు సీసా తెచ్చినా, కౌంటర్ దాకా వచ్చి, "ఆసిడ్ ఏసిన్రా?" అని అడుగుతుంది. ట్యాగుల కుర్రాళ్లు బిత్తరపోతారు. నన్ను కూడా అడుగుతుంది. ప్రతిసారీ, వేశాను పెద్దమ్మా, అని జవాబు చెబుతాను.

పాపకి ఇప్పుడు రెండున్నరేళ్లు. తల్లి ఒక టవర్‌లో హౌస్‌కీపింగ్ పనికి వెళుతోంది. చూసేవాళ్లు లేని రోజు పెద్దమ్మ పిల్లని ల్యాబ్‌కి తెస్తుంది. నేను ఉన్న పని వదిలేసి వెళ్లి ఆడిస్తాను. నాకు చాలా ఇష్టం ఆ పిల్లంటే. అందరూ అలాగే అనుకునేవారు, నేను కూడా.

మొన్నొక మధ్యాహ్నం పాప నాకు వీపు పెట్టి కూర్చుని మూతలతో ఆడుకుంటోంది. వెనక నుంచి తాళాల గుత్తి ఆడించాను. వెంటనే తిరిగింది. ఎర్ర మూత ఏది అన్నాను, చూపించింది. నీలం ఏది అంటే పచ్చది చూపించింది. నీలం, నీలం ఏదమ్మా, అని మళ్లీ అడిగాను. పాప విసుక్కుని మూతలన్నీ కింద పారేసింది.

"ఇగ చాలు" అంది పెద్దమ్మ గుమ్మంలోంచి. కోపంగా అనలేదు. "తాళాలు ఆడిస్తవ్, రంగులడుగుతవ్, ఎనుకకెళ్లి పిలిచి తిరుగుతదా లేదా అని చూస్తవ్. వచ్చినప్పుడల్లా గిదే. నాకు ఎర్కలేదనుకుంటున్నవా? అది నా మనుమరాలు. శాంపిల్ గాదు."

పాప లేచి వచ్చి నా మోకాళ్లు పట్టుకుని తాళాల కోసం చెయ్యి చాచింది. ఇచ్చేశాను. నా ఎదురుగా చతికిలబడి ఒక్కో తాళం చెవీ పట్టుకుని తిప్పి చూస్తోంది. ఎన్ని ఉన్నాయో చెప్పమ్మా, అన్న మాట నోటిదాకా వచ్చింది. పెద్దమ్మ నా నోటి వైపే చూస్తోంది.

"ఆడుకో" అన్నాను.